ఇటలీ కారుకి నేను చేసిన వైద్యం

సింగపూర్‌లో తుక్కుకి పోబోతున్న ఒక ఇటలీ కారుని ఒకే ఒక్క స్పానరుతో బతికించినవాణ్ణి నేను. అదీ అలాంటిలాంటి కారు కాదు, నేను స్వయంగా డిజైన్ చేసిన కారు. ఐటీలో పనిచేసే మీబోటి పిల్లలు "అంకుల్, మీ రోజుల్లో ఏం చేసేవారు?" అని అడిగినప్పుడల్లా ఈ రెండు వాక్యాలతోనే మొదలుపెడతాను. మొదటి వాక్యానికి ఫోన్లు జేబుల్లోకి వెళ్తాయి. రెండో వాక్యానికి కుర్చీలు దగ్గరకు జరుగుతాయి.

కాగితం మీద పెడుతున్నాను కాబట్టి కాస్త సర్దుకోవాలి. నేను డిజైన్ చేసింది కారు మొత్తాన్ని కాదు, తలుపుని. తలుపంటే పూర్తి తలుపు కూడా కాదు, అందులో అద్దాన్ని పైకీ కిందికీ తిప్పే పిడి. డిజైన్ అన్న మాట కూడా కొంచెం పెద్దదే. ఇటలీవాళ్ళు ఎప్పుడో గీసి పంపిన బొమ్మ చిరిగిపోతూంటే, దానిమీద ట్రేసింగ్ పేపరు పరిచి మళ్ళీ గీసేవాణ్ణి. ఆ పిడిని నాకంటే ఎక్కువసార్లు గీసినవాడు మాత్రం భూమ్మీద లేడు. దీంట్లో అతిశయోక్తి లేదు.

కాకినాడ పాలిటెక్నిక్‌లో డిప్లొమా పుచ్చుకుని బొంబాయి శివార్లలో ఒక కార్ల ఫ్యాక్టరీలో, డ్రాయింగ్ ఆఫీసులో చేరాను. మేము తయారుచేసేది ఇటలీవాళ్ళ పదకొండు వందల సీసీ ఫ్యామిలీ కారు. దాని వంశం చాలా పాతది. రెండో ప్రపంచయుద్ధానికి ముందే పుట్టింది. యుద్ధమయ్యాక, యాభైల్లో, దానికి కొత్త ఒళ్ళొచ్చింది. అంతకుముందు కింద ఇనప చట్రం, పైన బాడీ వేరువేరుగా చేసి బిగించేవారు. కొత్తదాంట్లో రెండూ కలిపి ఒకటే గట్టి పెట్టెలా చేశారు. బరువు తగ్గింది, లోపల చోటు పెరిగింది. గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉండటంతో ముందు సీటు బల్లలా ఖాళీగా ఉండేది. అక్కడ ముగ్గురు, వెనకాల ఐదుగురు పడతారని ఇటలీవాళ్ళు కనిపెట్టలేకపోయారు, మనవాళ్ళు కనిపెట్టారు.

ఆ తర్వాత ఇటలీలో దాని పేరు చివర ఏటికొక అక్షరం తగిలించుకుంటూ పోయారు. ఒక మోడల్లో ఇంజన్ని పన్నెండు వందల సీసీ దాటించి కూడా, పేరు మాత్రం పదకొండు వందలనే ఉంచేశారు. పైన రాసినదానికీ లోపలి సరుకుకీ సంబంధం లేని ఆ పద్ధతి తర్వాత నా రెజ్యూమేకి బాగా పనికొచ్చింది.

అరవైల చివర ఇటలీవాళ్ళు ఆ కారుని ఆపేసి వేరే కార్ల మీద పడ్డారు. మేము ఆపలేదు. వాళ్ళు మర్చిపోయిన కారుని మేము ఇంకో ముప్ఫై ఏళ్ళు చేస్తూ కూర్చున్నాం. అదే ఒళ్ళు, అదే తలుపు, అదే నా పిడి. చివరికి బజారులోకి కొత్తరకం చిన్న కార్లు వచ్చి మా ఫ్యాక్టరీ ఊపిరి తీసేశాయి. అప్పుడే, రెండువేల సంవత్సరం వస్తే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తేదీలు మర్చిపోతాయని గగ్గోలు మొదలైంది. ఉన్న ఉద్యోగం ఎలాగూ పోతోంది కదా అని, నలభై దాటిన వయసులో అమీర్‌పేటలో కుర్రాళ్ళ మధ్య కూర్చుని కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకున్నాను. కన్సల్టెన్సీ నడిపే ఆయన నా రెజ్యూమే తీసుకుని, నాకు ఐదేళ్ళ మెయిన్‌ఫ్రేమ్ అనుభవం ప్రసాదించి సింగపూర్ విమానం ఎక్కించాడు.

సింగపూర్‌లో ఒక బ్యాంకు ఐటీ విభాగంలో నన్ను ఇంటర్వ్యూ చేసింది ఒక తెలుగావిడ. మూడో తరం మనిషి. వాళ్ళ తాతగారు తెల్లవాళ్ళ కాలంలో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి, ఇక్కడి నౌకాస్థావరంలో పనికొచ్చాడు. ఆవిడకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. అమ్మానాన్నల దగ్గర విని నేర్చుకున్న తెలుగు కాబట్టి అందులో 'మీరు' అన్న మాటే లేదు. చిన్నా పెద్దా అందరూ 'నువ్వే'. సాంకేతిక ప్రశ్నలన్నిటికీ తడుముకోకుండా జవాబులు చెప్పాను. ఆవిడ రెజ్యూమే తిరగేస్తూ అడుగున ఒక లైను దగ్గర ఆగింది.

"కార్ ఫ్యాక్టరీలో నువ్వు ఏం చేశావు?"

"డిజైన్, మేడమ్."

"ఏ కార్?"

చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టింది.

"మా నాన్న దగ్గర అదే కార్ ఉంది. ఒరిజినల్ ఇటలీది. ఇప్పుడు ఊరికే హీట్ అవుతుంది. నీకు రిపేర్ వస్తుందా?"

"డిజైన్ చేసినవాడికి రిపేరు ఎంతలో పని మేడమ్?"

ఆవిడ నా వైపు చూసింది, రెజ్యూమే వైపు చూసింది, మళ్ళీ నా వైపు చూసింది. "గుడ్ లా," అంది. ఆ 'లా' సింగపూర్ మాటలకి ఉండే తోక. "సోమవారం నుంచి పనిలోకి రా. శనివారం సెంగ్‌కాంగ్, మా ఇంటికి రా." ఆ చూపులో నాకు అపారమైన గౌరవం కనిపించింది.

ఆ కారుకి ప్రాణగండం ఉంది. సింగపూర్‌లో పాత కారు ఏటేటా పరీక్షకు వెళ్ళాలి. నెగ్గితేనే రోడ్డు టాక్సు కట్టించుకుంటారు. గడువులోగా నెగ్గకపోతే రోడ్డెక్కకూడదు. రోడ్డెక్కని కారుని ముచ్చటకి ఇంట్లో ఉంచుకునే జాగా ఆ ద్వీపంలో ఎవరికుంది? తుక్కుకి ఇచ్చెయ్యాలి. మేడమ్‌గారి నాన్న కారుకి ఆ గడువు దగ్గరకొచ్చేసింది.

అప్పట్లో నేను జురాంగ్ వెస్ట్‌లో ఒక ఫ్లాటులో గది పంచుకుని ఉండేవాణ్ణి. నా గదిలో ఉండే కరీంనగర్ కుర్రాడు కూడా కోబాలే, వాడిది మాత్రం నిజమైన కోబాల్. షిప్‌యార్డులో పనిచేసే మనవాళ్ళ దగ్గర ఒక స్పానరు అడిగి పట్టుకొచ్చి, నా వెంట బయల్దేరాడు. సెంగ్‌కాంగ్ అంటే ద్వీపం ఆ మూల. కొత్త ఫ్లాట్లు లేస్తున్నాయి, ఇంకా అటు రైలు లేదు. బస్సు దిగి అంతస్తుల కార్ పార్కులోకి వెళ్తే, ఆకుపచ్చ రంగులో, గుండ్రటి కళ్ళతో, బొంబాయిలో నేను రోజూ చూసిన మొహమే ఎదురుగా నవ్వింది. పక్కలంతా గీతలు, సొట్టలు. ఆ కార్ పార్కులో స్తంభాలు మరీ దగ్గరదగ్గరగా కట్టారనుకున్నాను.

పెద్దాయన డెబ్భై దాటినవాడు. తెల్ల బనీను, ఖాకీ నిక్కరు, చేతిలో గుడ్డ.

"రా తంబీ. మకాన్ అయ్యిందా?" అన్నాడు. భోజనం అయ్యిందా అని అడగడం అక్కడి మర్యాద. "తెల్లదొరలు నేవల్ బేసు మూసీసి ఎలిపోతన్నప్పుడు ఒక ఆఫీసరు దగ్గిర కొన్నానీ బండి. ఇన్నేళ్ళూ సల్లగ ఉంది. ఈ సెంగ్‌కాంగ్ వొచ్చిన కాడినుంచీ దీనికి జొరం. గాలి పడలేదో ఏటో."

నేను గంభీరంగా కారు చుట్టూ తిరిగాను. రెండుసార్లు తిరిగాక కుర్రాడు నా చెవిలో అన్నాడు.

"అన్నా, నువ్వు డిజైన్ చేసినవ్ గదా, బానెట్ ఎట్ల తీస్తరు?"

"ఇటలీ మోడల్లో వేరే చోట ఉంటుందిరా."

"డాష్‌బోర్డ్ కింద హ్యాండిల్ ఉన్నది. ఇందాకనే సూసిన. నువ్వు రెండు చక్కర్లు కొట్టినవ్ గని అటు సూడకపోతివి."

బానెట్ లేచింది. ముందు జల్లెడకీ రేడియేటరుకీ మధ్య, తీగతో కట్టి, గోడ క్యాలెండరంత రేకు పటం ఉంది. సింహాద్రి అప్పన్న.

"మా నాన్న ఓడలో తెచ్చుకున్న పటం," అన్నాడు పెద్దాయన. "కొత్త ఫ్లాట్ హాల్లో దీనికి సోటు లేదంది అమ్మాయి. సామీ, నువ్వే ముందుండి నడిపించు అని ఇక్కడ కట్టీసినాను."

నేనూ కుర్రాడూ చెప్పులు విప్పి, కళ్ళకద్దుకుని, స్వామికి చెయ్యి తగలకుండా పక్కనుంచి ఇంజన్ మీదికి వంగాం.

ఇక్కడ ఒక్క ముక్క యంత్రం గురించి చెప్పాలి. ఇంజన్లో నీళ్ళు తిరిగే దారిలో థర్మోస్టాట్ అని చిన్న మూత ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ మూసుకుని ఉండి, వేడెక్కాక తెరుచుకుని, గాలి తగిలి చల్లారడానికి నీళ్ళని ముందున్న రేడియేటరుకి వదులుతుంది. అది చలిదేశంవాళ్ళు వాళ్ళ చలికోసం పెట్టుకున్న ఏర్పాటని మన మెకానిక్కుల నమ్మకం. బొంబాయిలో కొత్త టాక్సీ కొన్నవాడు ముందు కొబ్బరికాయ కొట్టేవాడు, తర్వాత థర్మోస్టాట్ పీకించేవాడు. టీకి బయటికి వెళ్ళినప్పుడల్లా ఫుట్‌పాత్ మీద ఆ ఆపరేషన్ చూసేవాణ్ణి. కారుకి సంబంధించి నేను కళ్ళారా చూసిన వైద్యం అదొక్కటే. కాబట్టి జబ్బు కూడా అదే అయి ఉండాలని తేల్చేశాను.

"చలిదేశం సామాను అంకుల్. మనకి అక్కర్లేదు," అని రెండు బోల్టులు విప్పి దాన్ని పీకేశాను. పీకి ఊరుకున్నా బాగుండేది. లిఫ్టు పక్కనున్న చెత్త గొట్టం దాకా నడిచి, పెద్దాయన చూస్తూండగా అందులో పడేశాను. అది అంతస్తులన్నీ తగులుకుంటూ కిందికి పోయిన చప్పుడు నాకు చప్పట్లలా వినిపించింది.

కారు వీధి చుట్టూ తిరిగొచ్చింది. ఆవిరి లేదు, ఉడుకు లేదు. పెద్దాయన మమ్మల్ని హాకర్ సెంటరుకి, అంటే అక్కడి తిండి అంగళ్ళ సావడికి, తీసుకెళ్ళి కోపీ అనే వాళ్ళ కాఫీ తాగించి, పక్క టేబుల్ చైనా ముసలాయనకి కూడా నన్ను చూపించాడు. సోమవారం ఆఫీసులో మేడమ్ అడిగింది.

"ఏమయ్యింది?"

"బాగైపోయింది మేడమ్."

"నిజంగా?" అంది. ఆవిడ గొంతు ఎందుకో పీలగా వచ్చింది. తండ్రి మీద ప్రేమ అనుకున్నాను.

పరీక్షరోజు నేనూ వెళ్ళాను. ముందు సీటు తలుపు తియ్యబోతే పెద్దాయన ఆపాడు. "అది మీ ఆంటీ సీటు తంబీ. ఆవిడ పోయినాక అందులో సంచీ కూడా పెట్టనీను. ఎనకాల కూకో." వెనకాల కూర్చున్నాను. పొద్దున్నే చల్లటి వేళ. థర్మోస్టాట్ లేని ఇంజన్ ఎంతసేపటికీ వేడెక్కదు, దగ్గుతుంది, ఆగబోతుంది. పెద్దాయన అలవాటు కొద్దీ చోక్ లాగి పట్టుకున్నాడు. చోక్ అంటే చల్లారిన ఇంజన్‌కి పెట్రోలు ఎక్కువ పోసే ఏర్పాటు. దారి పొడుగునా అలా పోస్తూనే వెళ్ళాం. పరీక్ష చేసేవాళ్ళు పొగగొట్టంలో గొట్టం పెట్టేసరికి పొగ కొలిచే మిషన్ ముల్లు ఈ చివరి నుంచి ఆ చివరికి పోయింది.

ఫెయిలు.

తిరిగొచ్చాక పెద్దాయన కార్ పార్కులో బండి ఆపి, దిగకుండా పక్క సీటు మీద చెయ్యేసి కూర్చున్నాడు. "తుక్కోళ్ళు దీన్ని నలగ్గొట్టీసి డబ్బాలాగ సేస్తారంట. నిజవేనా తంబీ?" అని అడిగాడు. సింగపూర్‌లో నేను జవాబు చెప్పలేకపోయిన మొదటి ప్రశ్న అది. ఇంటర్వ్యూ సంగతి మళ్ళీ వస్తుంది.

మర్నాడు మేడమ్ నాకోసం స్వయంగా చికెన్ రైస్ పొట్లం తెచ్చింది. "నువ్వు ట్రై చేశావు కదా. ఇక వదిలెయ్," అంది. ఎంత పెద్ద మనసు అనుకున్నాను. అంత పెద్ద మనసు ముందు ఓడిపోవడం నాకు నచ్చలేదు.

ఆదివారం లిటిల్ ఇండియాలో ఫోన్ కార్డు గీకి, క్యూలో నిలబడి, బొంబాయిలో మా పాత ఫోర్‌మన్‌కి ఫోన్ చేశాను. షోలాపూర్ తెలుగాయన. సగం జీతాలతో ఇంకా ఆ ఫ్యాక్టరీనే పట్టుకుని ఉన్నాడు.

"థర్మోస్టాట్ పీకేశాను," అన్నాను.

"మంచి పని చేసినవ్."

"మళ్ళీ పెట్టాలి."

 ఆయన నవ్వు వినిపించింది. "అరే, ఇన్నేళ్ళల్ల అది పెట్టమని అడిగినోడివి నువ్వొక్కనివే. టాక్సీ స్టాండు కాడ మెకానిక్కు దగ్గర పీకినవి బుట్టెడున్నయ్. బిల్లులు ఎగిరిపోకుండ మీద పెట్టుకుంటడు. ఎన్ని గావాలె?"

అదే వారం బొంబాయి మీదుగా మా టీములో చేరడానికి వస్తున్న ఒకమ్మాయి, ఆవకాయ సీసాల మధ్య పెట్టుకుని ఒకటి తెచ్చింది. కొలత సరిపోయింది. కొంచెం మెంతిపొడి వాసన వచ్చింది, అంతే. గడువుకి ముందురోజు దాన్ని బిగించాను. ఈసారి స్పానరు కుర్రాడు పట్టుకున్నాడు, నేను లైటు పట్టుకున్నాను. బండి వీధి చివరికి వెళ్ళేసరికి జల్లెడలోంచి ఆవిరి చిమ్మింది. మళ్ళీ మొదటికే వచ్చాం.

పెద్దాయన దిగి బానెట్ తీశాడు. ఇంజన్ని చూడలేదు. ఆవిరికి తడిసి నల్లటి మసి పట్టిన పటాన్ని చూశాడు. తీగ విప్పి, బనీనుతో తుడిచి, "సామికి తానం సెయ్యాల," అని చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. కుర్రాడు నా వైపు చూశాడు.

"అన్నా, ఊరికి పోయి పిడి గీసుకుందామా?"

చివరిరోజు ఆశ లేకుండానే బయల్దేరాం. దారిలో ప్రతి సిగ్నలు దగ్గరా పెద్దాయన నన్ను అడిగేవాడు. "తంబీ, అది ఎర్రదా పచ్చదా?" నేను కంగారు పడకుండా ఉన్నానో లేదో పరీక్షిస్తున్నాడని, ఠక్కున చెప్పేవాణ్ణి. ఇంజన్ వేడెక్కింది, చోక్ అక్కర్లేకపోయింది, ముల్లు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. ఆవిరి రాలేదు.

పాసు. పెద్దాయన నా తల మీద చెయ్యి పెట్టి, ఉత్తరాంధ్ర మాటా తమిళమూ మలయూ కలిపి ఏదో దీవించాడు. ఆఫీసులో ఈ కథ నేను చెప్పుకున్నంత కాలం, థర్మోస్టాట్‌ని ఒక ప్రత్యేకమైన కోణంలో బిగించానని చెప్పాను. కోణమూ లేదు గీణమూ లేదు. కారు ఎందుకు ఉడకలేదో ఆ రోజు నాకు బొత్తిగా తెలియదు.

తెలిసింది తర్వాతి వారం. స్నానం చేయించిన పటాన్ని పెద్దాయన మళ్ళీ యథాస్థానంలో కట్టాడు. కట్టిన రోజే బండి ఉడికింది. అప్పుడు చూశాను. రేడియేటరుకి గాలి తగలాల్సిన చోట అడ్డంగా, అంగుళం సందు లేకుండా, అప్పన్న. పాత ఇంట్లో పటం గోడకుంది, కారు చల్లగా ఉంది. కొత్త ఇంట్లో గోడ దొరకలేదు, కారుకి జ్వరమొచ్చింది. మొదటిరోజు చెప్పులు విప్పి దణ్ణం పెట్టింది మేము అసలు జబ్బుకే.

ఆ మాట ఆయనకి ఎలా చెప్పడం? ఇక్కడ నేను చేసిన పని మాత్రం నిజంగా నాదే, ఒక్క అక్షరం పెంచడం లేదు.

"అంకుల్, పరీక్షరోజు స్వామి ఎక్కడున్నాడు?"

"ఇంటికాడ. తడారడానికి హాల్లో పెట్టినాను."

"స్వామి ఇంట్లో కూర్చుని చూస్తేనే కదా మనం నెగ్గాం. ఆయనకి అక్కడ నచ్చింది. తీసుకొచ్చి మళ్ళీ ఎండలో, పొగలో కట్టేశారు. ఉడుకురాదా?"

పెద్దాయన పటానికున్న తీగ విప్పడం మొదలుపెట్టాడు. "గోడకి మేకు కొట్టడం నీకొచ్చా?" అన్నాడు. వచ్చన్నాను. ఆ సాయంత్రం మేడమ్ ఇంటికొచ్చేసరికి ఆవిడ కొత్త సోఫా పైన అప్పన్న ఉన్నాడు. ఆ తర్వాత ఆ కారు మరి ఉడకలేదు. ఏటేటా నెగ్గింది. అలా ఒక తండ్రి కారునీ, ఒక కూతురి సంతోషాన్నీ నిలబెట్టానని నా మనసులో ఇన్నాళ్ళూ ఉండేది.

పోయిన వారం ఇదంతా రాసి మేడమ్ దగ్గరకు పట్టుకెళ్ళాను. పెద్దాయన పోయి చాలా కాలమైంది. ఆవిడా రిటైరైంది. తెలుగు చదవలేదు కాబట్టి సెంగ్‌కాంగ్ హాకర్ సెంటర్లో, అక్కడి అలవాటు ప్రకారం ఒక టిష్యూ ప్యాకెట్టు పడేసి టేబుల్ పట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా పైకి చదివి వినిపించాను. ఆవిడ ఎక్కడా నవ్వలేదు. కోపీ అయిపోయేదాకా ఆగింది.

"అయ్యిందా?"

"అయ్యింది మేడమ్. ఎలా ఉంది?"

"తప్పు ఉంది. నాన్నకి అప్పుడే కళ్ళు సగం పోయినాయి. లైసెన్స్ కోసం డాక్టర్ దగ్గర బోర్డు మీద అక్షరాలు బట్టీ పట్టి చదివేవాడు. కార్ కీ ఇవ్వమంటే ఇవ్వడు. కార్ ఫెయిల్ అయ్యి పోతేనే ఆగుతాడు. మంచి మెకానిక్‌ని పెడితే బాగు చేసేస్తాడు. పెట్టకపోతే నా మీద కోపం. సో, బాగు చెయ్యలేని మనిషి కావాలి నాకు."

నేను కాగితాలు సర్దుకుంటూ ఉన్నాను.

"ఇంటర్వ్యూలో జేసీఎల్ అంటే ఏంటి అని అడిగాను. మెయిన్‌ఫ్రేమ్ మనిషికి అది ఏబీసీడీ. నువ్వు టాయిలెట్ ఎక్కడ అని అడిగావు. ఇతనే కరెక్ట్ అనుకున్నాను."

"మరి ఉద్యోగం ఎందుకిచ్చారు?"

"కార్ కోసం లా. ఫస్ట్ టైమ్ నువ్వు కరెక్ట్‌గా చేశావు, ఫెయిల్ చేశావు. చికెన్ రైస్ కూడా ఇచ్చాను. వదిలెయ్ అంటే నువ్వు వదల్లేదు." ఆవిడ కప్పు పక్కకి నెట్టింది. "నువ్వు పాస్ చేశాక ఇంకా మూడేళ్ళు నడిపాడు. ముందు సీట్ అమ్మది కదా. నేను వెనకాల కూర్చుని, సిగ్నల్ వస్తే 'రెడ్, నాన్నా, రెడ్' అని అరుస్తూ ఉన్నాను. మూడేళ్ళు. అది రాయి."